రిబ్బను కింద నుంచి

మంత్రిగారూ, మేయరుగారూ, పెద్ద డాక్టరుగారూ! మీరు ముగ్గురూ కలిసి మా పంతుల్ని చంపారు. కత్తితో కాదు, విషంతో కాదు. గుమ్మానికి అడ్డంగా కట్టిన బారెడు ఎర్ర రిబ్బనుతో చంపారు. ఇప్పుడు మా అక్క మీద పడ్డారు. ఈ మాట మైకులో ఎన్నోసార్లు అన్నాను. మీకు దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది. అందుకని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను, కాదనే దమ్ముంటే కాదనండి.

మా ఊరి ఆస్పత్రి వెనకవైపు పొడుగాటి వరండా ఉంది. దాని చివర, శవాల గదికి ఇవతలి గది, డయాలసిస్ గది. కిడ్నీలు చెడిపోయినవాళ్ల రక్తాన్ని బయటికి తీసి, కడిగి, మళ్లీ ఒంట్లోకి పంపే మెషీన్ ఉండవలసిన గది అది. పోయిన ఎన్నికల ముందు గది కట్టారు. మెషీన్‌కి శుద్ధమైన నీళ్లు కావాలని పక్కనే నీళ్ల ప్లాంటు కూడా పెట్టారు. మెషీన్ మాత్రం పెట్టలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇన్నేళ్లూ ఆ శుద్ధమైన నీళ్లు క్యాన్లలో పెద్ద డాక్టరుగారి ఇంటికి వెళ్లాయి. వాళ్లింట్లో అందరి కిడ్నీలూ దివ్యంగా ఉన్నాయని వినికిడి.

మా అక్క కిడ్నీలు రెండూ పోయాయి. మిల్లులో నూలు కండెలు చుట్టే మనిషి, నిలబడి పనిచేయలేక మానేసింది. వారానికి రెండుసార్లు బస్సెక్కి నగరం వెళ్లేది. అక్కడ వరసలో కూర్చుని, నాలుగు గంటలు మెషీన్ మీద పడుకుని, మళ్లీ బస్సెక్కి వచ్చేది. వచ్చేసరికి మనిషి పిండి ఆరేసిన గుడ్డలా ఉండేది. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమచేతిలో నరం ఉబ్బేలా ఆపరేషను చేశారు. దాని మీద వేళ్లు పెడితే లోపల పిల్లికూన గుర్రుమంటున్నట్టు ఉంటుంది. ఆ గుర్రు ఆగిందంటే నరం మూసుకుపోయినట్టే. అందుకని రోజూ లేవగానే నన్ను పిలిచేది.

"ఒరేయ్ మైకూ, నా పిల్లి ఉందా, పోయిందా చూడు."

"ఉందక్కా. నీకంటే ఎక్కువ సణుగుతోంది."

ఊళ్లో నన్ను అందరూ మైకు అనే పిలుస్తారు. ఆస్పత్రి సాధన సమితి అని ఒకటి పెట్టి, గేటు ముందు అరవడం నా పని.

బావ రాళ్లు చెక్కుతాడు. ఊళ్లో ప్రతి ప్రారంభోత్సవానికీ శిలాఫలకం ఆయనే చెక్కుతాడు, ప్రతి సమాధికీ రాయి ఆయనే చెక్కుతాడు. "రెండింటికీ ఒకటే రాయి బామ్మర్దీ, ఒకటే ఉలి. కాకపోతే సమాధి మీద అబద్ధాలు కాస్త తక్కువ" అంటాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నోట్లో పడ్డ రాతిపొడి మింగలేక ఉమ్మలేక నోరు మూసుకోవడం అలవాటైపోయింది అంటుంది అక్క.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న లారీలో మెషీన్ దిగింది. దుప్పట్లు చుట్టి, తాళ్లు కట్టి, ఎవరింటికో కొత్త కోడలు వచ్చినట్టు వచ్చింది. వెంట రక్తం కడిగే ద్రావణం డబ్బాలు, ఫిల్టర్లు, గొట్టాలు. సాయంత్రానికల్లా బిగించారు, నీళ్లు కలిపారు, మీట నొక్కితే పచ్చలైటు వెలిగింది. మా అక్కతో పాటు ఊళ్లో కిడ్నీ జబ్బువాళ్లంతా వరండాలో నిలబడి ఆ పచ్చలైటును చూశారు. ముసలి బడిపంతులు ఒకాయన ఉన్నాడు, పిల్లలకి ఎక్కాలు చెప్పీ చెప్పీ గొంతు పోయినాయన. ఆయన కళ్లు తుడుచుకున్నాడు కూడా.

అప్పుడే గుమస్తా వచ్చి గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టాడు. అటూ ఇటూ ముడుల మీద లక్క కరిగించి పోసి ముద్ర గుద్దాడు. ఎందుకంటే పోయినసారి పార్కు రిబ్బనును మేయరు మనుషులు ముందుగా వచ్చి కత్తిరించేశారు. మంత్రిగారు వచ్చేసరికి పిల్లలు జారుడుబల్ల మీద జారుతున్నారు. ఆ అవమానం మళ్లీ జరగకూడదని ఈసారి లక్కముద్ర వేసి, ఒక వాచ్‌మన్‌ని కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"ఎప్పుడు తెరుస్తారు?" అని పంతులు అడిగాడు.

"మంత్రిగారు వచ్చి కత్తిరించాలి. వచ్చే వారం" అన్నాడు గుమస్తా.

మీ వచ్చే వారం ఎప్పటికీ వచ్చే వారమేనని మాకు తెలియంది కాదు. పంతులు మాత్రం నమ్మాడు. రోజూ వచ్చి తలుపుకున్న గాజుపలకలోంచి లోపలికి చూసి పోయేవాడు. "పచ్చగానే ఉంది, బాగా చదువుతోంది పిల్ల" అనేవాడు, మెషీన్ తన బడిలో చేరినట్టు. ఆ వారం నగరంలో ఆయన వంతు ఉంది. రేపోమాపో ఇక్కడే తెరుస్తారు కదా, ఆ బస్సు కుదుపులు ఎందుకని వెళ్లలేదు. ఆ తర్వాతి వంతుకీ వెళ్లలేదు. కాళ్లు ఉబ్బాయి, ఆయాసం వచ్చింది. ఇక లాభం లేదని బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు. నగరం వచ్చాక కండక్టరు భుజం తట్టి "మాస్టారూ, దిగాలి" అన్నాడట. ఆయన దిగలేదు.

అదే మధ్యాహ్నం మా గదిలో పచ్చలైటు వెలుగుతూనే ఉంది.

ఇప్పుడు పెద్ద సిస్టరు గురించి చెప్పాలి. ఆవిడ నోరు విప్పితే రోగం సగం భయపడి పారిపోతుంది, మిగతా సగంతో రోగి కూడా పారిపోతాడు. ఈ మెషీన్ నడపడం నేర్చుకు రమ్మని ప్రభుత్వమే ఎప్పుడో ఆవిణ్ని నగరం పంపింది. నేర్చుకుని వచ్చాక టీకాల ఫ్రిజ్‌కి తాళం వేసే పనిలో పెట్టింది. పంతులు పోయిన మర్నాడు ఆవిడ మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఏమ్మా, రేపు నగరం వెళ్లకు. మధ్యాహ్నం పెద్ద డాక్టరు సొంత క్లినిక్‌కి పోతాడు. అప్పుడు రా."

"మరి రిబ్బనో?" అంది అక్క.

"రిబ్బను జోలికి పోతే నా ఉద్యోగం పోతుంది. కింద నుంచి దూరు."

దూరాలంటే వంగాలి. ఉబ్బిన కాళ్లతో అక్క వంగలేదు. చివరికి స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోబెట్టి, నేను కాళ్ల వైపు, బావ తల వైపు పట్టుకుని మెల్లగా తోశాం. రిబ్బను అక్క ముక్కును రాసుకుంటూ పోయింది. అక్క తుమ్మింది. లక్కముద్ర ఊడిందేమోనని ముగ్గురం ముడుల వైపు చూశాం. వాచ్‌మన్ ఇదంతా కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు.

"ఏం అన్నా, ఎవరికైనా చెబుతావా?" అన్నాను.

"నా డ్యూటీ రిబ్బను తెగకుండా చూడటం. తెగిందా? లేదు. కింద నుంచి మనుషులు పోతారో ఏనుగులు పోతాయో నాకెందుకు?" అన్నాడు. ఆ తర్వాత రోజు నుంచి స్ట్రెచర్ వచ్చేటప్పుడు ఆయనే లేచి, రెండు వేళ్లతో రిబ్బనును పసిపిల్ల చెవి పట్టుకున్నట్టు నాజూగ్గా పైకి ఎత్తి పట్టుకునేవాడు.

అలా సాగింది. మధ్యాహ్నాలు ఒకరి తర్వాత ఒకరు రిబ్బను కింద నుంచి లోపలికి పోయి, బతికి బయటికి వచ్చేవాళ్లు. అక్క ముఖంలో వాపు తగ్గింది. బస్సు తప్పింది కదా, సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని ఎదురింటావిడతో పోట్లాడే ఓపిక కూడా వచ్చింది. ఆ పోట్లాట విని బావ ఉలి ఆపి నవ్వాడు. ఆయన నవ్వగా చూసి చాలా కాలమైంది.

నేను మాత్రం గేటు ముందు మైకులో అరుస్తూనే ఉన్నాను. "డయాలసిస్ గది వెంటనే తెరవాలి!" దొంగచాటుగా ఎందుకు బతకాలి మనం, దర్జాగా తలుపు తెరిపించుకుని బతుకుదాం అని నా పట్టుదల. ఒకరోజు అరిచి అరిచి గొంతు ఎండి గేటు ఎదురుగా టీకొట్టుకి వెళ్లాను. మెషీన్ తెచ్చిన లారీ డ్రైవరు అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మెషీన్ దించిన రోజు నుంచి ఆ లారీ ఆస్పత్రి గోడ వారనే ఉంది. మనిషి ఆస్పత్రి కుళాయి దగ్గర బట్టలు ఉతుక్కుని, లారీ తాళ్ల మీదే ఆరేసుకుంటున్నాడు. ఎందుకున్నాడో అడగాలని మాకెవరికీ తట్టలేదు.

"అన్నా, తెరవండి తెరవండి అని గొంతు చించుకుంటున్నావు. తెరిస్తే మీకు ఏం మిగులుతుందో తెలుసా?" అన్నాడు.

"ఏం మిగలడమేంటి? మెషీన్."

"గది మిగులుతుంది."

నాకు అర్థం కాలేదు. అతను గ్లాసు పక్కన పెట్టి చెప్పాడు. "ఇది నాకు నాలుగో ఊరు. రిబ్బను తెగుతుంది, ఫొటోలు దిగుతారు, చప్పట్లు ఆగకముందే నేను లారీ రివర్స్ చేస్తా. మెషీన్ ఎక్కిస్తా, పక్క ఊరు పోతా. అక్కడ ఇంకో గది, ఇంకో రిబ్బను. కాగితాల మీద ఊరికో మెషీన్. రోడ్డు మీద మాత్రం ఒకటే, దాన్ని మోసేది నేను."

"మరి మా ఊళ్లో ఇన్నాళ్లు ఎందుకుంచారు?"

"మీ అదృష్టం. మీ మేయరుకీ మంత్రికీ పడదట కదా. రాయి మీద ఎవరి పేరు పైన ఉండాలో తేలక నేనిక్కడ వేళ్లు లెక్కపెట్టుకుంటున్నా." తల వంచుకుని అన్నాడు. "ఆ మూడు ఊళ్లలోనూ మెషీన్ ఎక్కించేటప్పుడు జనం నిలబడి చూశారు అన్నా. రిపేరుకి తీసుకెళ్తున్నారు అనుకున్నారు. నేనూ అవునన్నా."

ఇంటికి వెళ్లి ఈ చావు కబురు చల్లగా చెప్పాను. అక్క దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"అంటే నీ ధర్నా గెలిస్తే నేను పోతానన్నమాట."

"నవ్వులాటగా ఉందా అక్కా?"

"ఒరేయ్, పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచీ నీ ధర్నా ఒక్కటైనా గెలిచిందా? ఇదీ గెలవదులే, దిగులుపడకు." అంతలోనే నవ్వు ఆపేసింది. చేతి మీద పిల్లిని రెండో చేత్తో కప్పుకుంది. "మళ్లీ ఆ బస్సు నా వల్ల కాదురా. పంతులు గుర్తొస్తాడు. ఆ కిటికీ పక్క సీటు చూస్తే చాలు."

బావ లేచి, చేతులకు అంటిన పొడి దులుపుకున్నాడు.

"రాయి నా దగ్గరే ఉంది కదా" అన్నాడు.

మా బావలో అంత రాజకీయం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. రాయి మీద మంత్రి పేరు పెద్దక్షరాల్లో చెక్కి, సరిగ్గా మేయరు మనుషులు షెడ్డు ముందు నుంచి పోయేవేళకి బయట ఎండలో పెట్టాడు. "పాపం, మీ అయ్యగారి పేరుకి కింద బెత్తెడు జాగానే మిగిలింది. అక్షరాలు చీమల్లా పడతాయి, ఏమనుకోకండి" అన్నాడు. అంతే. మేయరు అలిగి మంచమెక్కాడు. మంత్రి రాక వాయిదా పడింది. రాయి అరగదీసి, మేయరు పేరు పైకి తెచ్చాడు బావ. ఈసారి మంత్రిగారి అనుచరుడికి ఫోన్ చేసి, "పెద్దాయన పేరు చదవాలంటే కాస్త వంగాలి, ఫర్వాలేదా?" అని అమాయకంగా అడిగాడు. మళ్లీ వాయిదా. పక్కపక్కన వేస్తే ఎడమ ఎవరిది, కుడి ఎవరిది? అదొక వారం. మధ్యలో పెద్ద డాక్టరుగారు కబురు పంపారు, తన పేరు ఎక్కడ ఉంటుందని. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని అక్క అంది గానీ, ఆ దురద మాకు ఇంకొన్ని రోజులు ఇచ్చింది. అరగదీసి అరగదీసి రాయి పలకలా పలచబడింది.

నేను కూడా మైకు తిప్పేశాను. "డయాలసిస్ గది తెరవొద్దు! మంత్రి రావొద్దు!" ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. "ఏం మైకూ, తీగ తెగిందా?" అన్నాడు టీకొట్టు ఓనరు. నిజం చెప్పలేను. చెబితే రిబ్బను కింద దారి మూసేస్తారు.

అలా ఇంకా ఎన్నాళ్లు నడిచేదో. ఒక మధ్యాహ్నం అక్క మెషీన్ మీద ఉంది. ఎక్కి గంటన్నర అయిందేమో. పెద్ద సిస్టరు పక్కన కూర్చుని బీపీ చూస్తోంది. ఉన్నట్టుండి బయట సైరన్లు. ఆ సాయంత్రమే ఎన్నికల తేదీ ప్రకటిస్తారట. ప్రకటించాక రిబ్బన్లు కత్తిరించకూడదట. అందుకని మంత్రీ మేయరూ ఉదయమే రాజీపడిపోయి, ఒక కత్తెరను ఇద్దరూ పట్టుకుని కత్తిరిద్దామని ఒప్పందానికి వచ్చారు. మా ప్రాణాల మీద కుదరని సంధి ఓట్ల మీద ఒక్క పూటలో కుదిరింది.

పెద్ద డాక్టరుగారు క్లినిక్‌లోంచి పరుగున వచ్చారు. చొక్కా ఒక గుండీ పైకి, ఒక గుండీ కిందికి. ఆయన వెనకాలే ప్రచారం చూసే ఆఫీసరు ఒకడు, కొత్త నీలం బట్టలు వేసుకున్న ఒక బొద్దు మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ బొద్దు మనిషి మేయరుగారి బావమరిది. ఫొటోలో రోగి ఆయన.

"అసలు రోగులు ఊళ్లోనే ఉన్నారు కదండీ?" అన్నాను నేను.

"చూశాను. మరీ జబ్బుగా ఉన్నారు. ఫొటోకి పనికిరారు" అన్నాడు ఆఫీసరు.

ముందు శిలాఫలకం. బావ దాన్ని ఆ పొద్దున్నే నున్నగా అరగదీసి పెట్టాడు, పేర్లు ఇంకా వేయలేదు. గుమస్తా కంగారులో అదే రాయి తెచ్చి గోడకి అంటించి, మీద తెర కట్టేశాడు. మంత్రిగారు తాడు లాగారు. తెర పక్కకి జరిగింది. నున్నటి ఖాళీ రాయి. అందరూ ఒక్క క్షణం చూసి, ఏం చేయాలో తెలియక చప్పట్లు కొట్టారు. అంత నిజం చెప్పిన శిలాఫలకం మా ఊళ్లో అంతకు ముందు లేదు.

తర్వాత రిబ్బను. బంగారు రంగు కత్తెర. ఒక రింగులో మంత్రి వేళ్లు, ఇంకో రింగులో మేయరు వేళ్లు. ఒకరు నొక్కితే ఇంకొకరు లాగుతున్నారు. రిబ్బను నలుగుతోంది గానీ తెగడం లేదు. చెమటలు పడుతున్నాయి. కెమెరాలు తిరుగుతున్నాయి. ఇంతలో మూసిన తలుపు వెనక నుంచి మా అక్క గొంతు వినిపించింది.

"లోపల మంచి బ్లేడు ఉంది బాబూ, ఇమ్మంటారా?"

ఎలాగో తెగింది. తలుపు తోశారు. లోపల మంచం మీద మా అక్క, చేతికి గొట్టాలు, గొట్టాల్లో ఎర్రగా రక్తం, మెషీన్ మీద పంపు గుండ్రంగా తిరుగుతూ, పచ్చలైటు. పెద్ద సిస్టరు కుర్చీలోంచి లేవలేదు. లేవకూడదు కూడా.

"ఎవరీవిడ?" అన్నారు మంత్రిగారు.

పెద్ద డాక్టరుగారు గుండీలు సర్దుకుంటూనే అబద్ధం కూడా సిద్ధం చేశారు. "తొలి లబ్ధిదారు సార్! మీ చేతుల మీదుగా..."

మంత్రిగారి ముఖం విప్పారింది. పళ్లబుట్ట అందుకున్నారు. అరటిపళ్లు, బత్తాయిలు. అత్త సొమ్ము అల్లుడు దానం. అక్క ఒళ్లో పెట్టి కెమెరా వైపు తిరిగారు. పెద్ద సిస్టరు చెయ్యి చాచి బుట్ట లాక్కుని కింద పెట్టింది.

"కిడ్నీలు లేని మనిషికి ఇవి తినిపిస్తే గుండె ఆగుతుంది. అభిమానం ఉంటే ఫొటో చాలు" అంది.

"ఎలా ఉందమ్మా మా మెషీన్?" అన్నారు మంత్రిగారు, నవ్వు చెదరకుండా.

అక్క అబద్ధం ఆడి ఉంటే ఆ పూట గడిచిపోయేది. ఆడుదామనే అనుకుందట. కెమెరా పక్కన, తెరిచిన తలుపుకి, పంతులు రోజూ లోపలికి చూసిన గాజుపలక కనిపించిందట.

"బాగుంది బాబూ. నెల దాటిపోయింది దీని మీద పడుకోబట్టి. మీ రిబ్బను కింద నుంచి దూరి వచ్చేవాళ్లం. అలా దూరాలని ముందే తెలిస్తే మా పంతులు కూడా బతికేవాడు."



"అంటే నేను ప్రారంభించకముందే ప్రారంభమైందా?" అన్నారు మంత్రిగారు. ఎవరు పోయారని అడగలేదు. ఎలా పోయారని అడగలేదు. ఆయన బాధ అది.

మేయరుగారు మాత్రం వెలిగిపోయారు. "అంటే మొదట ప్రారంభించింది మీరు కాదన్నమాట! మా ఊరి ఆడపడుచు!" అని కెమెరాల వైపు తిరిగారు. ఇంతలో నీలం బట్టల బావమరిది లోపలికి తొంగిచూసి, "నా మంచం ఎవరికో ఇచ్చేశారేంటి?" అన్నాడు.

ఏళ్ల తరబడి ఒక మెషీన్ ఇవ్వలేని ప్రభుత్వం అరగంటలో సస్పెన్షన్ ఆర్డరు ఇచ్చింది. ప్రారంభోత్సవానికి ముందే ప్రభుత్వ పరికరాన్ని వాడిన నేరం. పెద్ద సిస్టరు ఆర్డరు చదివి, మడిచి, అక్క మంచం కాలు ఎగుడుదిగుడుగా ఉంటే దాని కింద పెట్టింది.

"సరే. ఛార్జి ఎవరికి అప్పగించమంటారు?" అంది.

మంత్రిగారు డాక్టరుగారి వైపు, డాక్టరుగారు గుమస్తా వైపు చూశారు.

"ఛార్జి తీసుకునే మనిషి వచ్చేదాకా రోగిని వదిలి కదలకూడదు. రూలు మీదే. మీరు తీసుకుంటారా సార్?" అని పెద్ద డాక్టరుగారిని అడిగింది. ఆయన మెషీన్ వైపు, పక్కింటి కుక్కని చూసినట్టు చూసి, రెండడుగులు వెనక్కి వేశారు.

మంత్రిగారికి టైమ్ అయిపోతోంది. ఇంకో ఊళ్లో ఇంకో రిబ్బను కాచుకుని ఉంది. "మెషీన్ లోడ్ చెయ్యండి" అన్నారు. పెద్ద డాక్టరుగారు అక్క దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "అమ్మా, మిగతాది నగరంలో చేయించుకుందువుగాని. మన ఊరి పరువు..."

"నా రక్తం అందులో తిరుగుతోంది డాక్టరుగారూ. మెషీన్‌ని తీసుకుపోతే నన్నూ లారీ ఎక్కించండి. ఊరూరా తిప్పండి. ప్రతి ఊళ్లోనూ తొలి లబ్ధిదారు నేనే అవుతా" అంది అక్క. గొట్టాలు లేని చేత్తో మంచం అంచు గట్టిగా పట్టుకుంది.  

డ్రైవర్ని పిలిచారు. అతను గుమ్మం దాకా వచ్చి, గొట్టాల్లో తిరిగే రక్తం చూసి ఆగిపోయాడు. "నేను లారీ డ్రైవర్ని సార్. కసాయివాణ్ని కాదు" అన్నాడు. బయటికి వెళ్లి, మంచి టైరే, విప్పి పక్కన పడుకోబెట్టాడు. అడిగినవాళ్లకి పంక్చరు అని చెప్పాడు. తర్వాత ఫోన్ తీసి, తాను గదులు మిగిల్చి వచ్చిన ఆ మూడు ఊళ్లకీ కబురు పెట్టాడు. "రిపేరు కాదు, మెషీన్ ఇక్కడుంది, రండి" అని.

వాళ్లు వచ్చారు. బస్సుల్లో, బళ్లలో, ఒకరినొకరు పట్టుకుని. అందరి చేతుల్లోనూ పిల్లికూనలు గుర్రుమంటున్నాయి. ఆ రోజు నుంచి ఆ మంచం ఖాళీగా లేదు. అక్క దిగితే ఇంకొకరు, వాళ్లు దిగితే మరొకరు. మధ్యలో మెషీన్ కడగడానికి కాసేపు పడుతుంది. అప్పుడు మేమంతా దాని చుట్టూ కూర్చుంటాం. వాచ్‌మన్ కూడా వచ్చి కూర్చున్నాడు. "రిబ్బను తెగింది కాబట్టి నా డ్యూటీ అయిపోయింది. ఇప్పుడు ఖాళీయే. దేనికి కాపలా కాయమంటారు?" అని అక్కనే అడిగాడు. పెద్ద సిస్టరు కుర్చీలోనే కునుకు తీసి, లేచి, మమ్మల్ని అందరినీ తిట్టి, మళ్లీ పని చేస్తోంది. ఆ నీళ్ల ప్లాంటు కట్టాక మొదటిసారి దాని నీళ్లు మెషీన్‌కి పోతున్నాయి. పెద్ద డాక్టరుగారి క్యాన్లు బయట బోర్లించి ఉన్నాయి.

గేటు దగ్గర పోలీసులున్నారు. కరెంటు తీసేస్తామని ఒకసారి, మాట్లాడదాం రమ్మని ఒకసారి కబురు వస్తోంది. మేయరుగారు రెండుసార్లు వచ్చి మా పక్కన ఫొటో దిగి పోయారు. ఒక్క డబ్బా తేలేదు.

డబ్బాల సంగతే చెబుతున్నాను, వినండి. ఆ ద్రావణం డబ్బాలు మీరు ఫొటో కోసం పంపినవి. గోడ వారగా నడుమెత్తు పేర్చి ఉండేవి. ఇప్పుడు వాటి వెనక గోడ కనిపిస్తోంది. అవి అయిపోతే పచ్చలైటు వెలిగినా లాభం లేదు. మీరు దానికోసమే కాచుకుని కూర్చున్నారని మాకు తెలుసు.

ఖాళీ రాయి ఇంకా గోడ మీదే ఉంది. బావ ఉలి పదును పెట్టి చంకలో పెట్టుకుని దాని కిందే కూర్చున్నాడు. ఆయన రెండు రకాల రాళ్లూ చెక్కుతాడు. దాని మీద ఏం పడాలో మీరే తేల్చండి.

డబ్బాలు పంపండి. ఫిల్టర్లు, గొట్టాలు పంపండి. సిస్టరు ఆర్డరు మంచం కాలి కింద ఉంది, వచ్చి తీసి చించండి. ఈ మెషీన్ ఇక్కడే ఉండాలి. కాగితాల మీద ఎన్ని ఊళ్లకి ఎన్ని మెషీన్లు చూపించారో అన్నీ ఆ ఊళ్లలో దించండి. వాటిని నడపడం వచ్చిన మనుషుల్ని వాటి పక్కన కూర్చోబెట్టండి. రిబ్బన్లు వద్దు, కత్తెరలు వద్దు, పళ్లబుట్టలు వద్దు, మీరు రావద్దు. లారీ డ్రైవరు చాలు. అతని టైరు మేం బిగించి పెడతాం.

రేపు పొద్దున మళ్లీ మా అక్క వంతు. ఈ రాత్రికల్లా డబ్బాలు దించండి.